మంగళారం దుకాణం బందు

మంగళారం దుకాణం బందు.
సీతాఫల్‌మండి గల్లీల షట్టర్ దించి
కత్తి, కత్తెర, పటిక ముక్క
పాత టిఫిన్ డబ్బల పెట్టుకొని
మెట్టుగూడ దిక్కు నడుస్త.
రైలు పట్టాల అవుతల తెల్లగోడల ఇల్లు,
గేటు కాడ మేరీమాత,
ఆమె కాళ్ల కాడ ఎవరో పెట్టిపోయిన మూరెడు మల్లెపూలు.

మగోళ్లయి పన్నెండు మంచాలు.
సావు దగ్గర పడ్డోని చెంప
లోపలికి పోతది, కత్తికి ఆసరా దొరకది.
అప్పుడు సిస్టర్ సెలెస్టీనా
తన రెండు వేళ్లు ఆయన నోట్లె పెట్టి
లోపలికెల్లి చెంపను లేపి పట్టుకుంటది.
నేను గీస్త.
నడుమ పల్సటి తోలు.
ఇటు నా కత్తి, అటు ఆమె వేలు.
ఇరవై ఏండ్ల సంది ఒక్కనాడు తెగలే.

ఆమెది కేరళ, సముద్రం పక్క ఊరంట.
వచ్చిన కొత్తల తెలుగు ఒక్క ముక్క రాదు.
బడి లేదు, పుస్తకం లేదు,
మంచాల కాడ కూసోని నేర్చుకున్నది.
అందుకే ఆమె తెలుగు ఏ జిల్లాదో ఎవ్వరు చెప్పలేరు.
"ఏటి బాబూ" అంటది, అది శ్రీకాకుళం సూరమ్మది,
సూరమ్మ పోయి తొమ్మిదేండ్లు.
"పరేషాన్ గాకు మియా", అది యాకూబ్ సాబ్ ఇచ్చిపోయింది.
"ఏందబ్బాయ్" అన్నది ఒక లారీ క్లీనర్ది,
దవాఖాన మెట్ల మీద దొరికినోడు,
మాట మిగిలింది, పేరు మిగలలే.
ఒక బూతు గూడ ఉన్నది, హమాలీ పోశెట్టిది.
అర్థం తెల్వక బిషప్ గారి ముంగట అనేసిందంట.
ఇప్పుడు తెలుసు.
అయినా తలుపుల వేలు పడితె అదే అంటది.

నాకు కత్తి పట్టుడు నేర్పింది ఈదయ్య ఉస్తాద్.
జాతరల అమ్మే బుగ్గ కొనుక్కొచ్చి, ఊది, సబ్బు పూసి
గీకమనేటోడు.
పలిగితె నెత్తి మీద ఒక్కటి.
చివరికి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినయ్.
పండుకునే డబ్బా రోడ్డు వెడల్పుల పోయింది.
నాది ఒక్కటే అర్ర, అండ్ల ఐదుగురం.
ఆటోల తెచ్చి సిగ్గుతోని గేటు బయటనే నిలబడ్డ.
ఎందుకు తెచ్చినవని సిస్టర్ అడుగలే.
"ఈయనకు చాయ్‌ల చక్కెర ఎంత?" అన్నది.

పదకొండు నెలలు.
వీపు మీది పుండ్లు కడిగింది,
పక్క తడిసినప్పుడల్ల మార్చింది,
ఎడమ చేత్తోని అన్నం విసిరి కొడితె
గోడ తుడిచి మళ్ల కలిపి పెట్టింది.
చక్కెర మాత్రం తక్కువనే ఏసేది.
గొడవ పడేటోడు, గెల్వకపోయేటోడు.

ఆ రాత్రి ఫోనొస్తె ఉరికిన.
అప్పటికే కడిగి, తెల్ల అంగీ తొడిగి ఉంచిన్రు.
గడ్డం మాత్రం నాకోసం ఆపిన్రు.
డబ్బ తెరిచిన. సబ్బు పూసిన.
సిస్టర్ రెండు వేళ్లు లోపల పెట్టి లేపింది.
చెంప సల్లగున్నది.
నా చెయ్యి వణికింది, ఆగలే.
అప్పుడామె, నా దిక్కు చూడకనే,
"నిమ్మలంగ కొడుకా, బుగ్గ పలుగుతది" అన్నది.

నలభై ఏండ్ల కిందటి మాట.
ఏ జ్వరం రాత్రి ఎవరికి పాఠం చెప్పిండో ఉస్తాద్,
ఆమె చెవుల పడ్డది.
బుగ్గంటె చెంపనుకున్నదో ఏమో,
నేను అడుగలే.
పలగకుంట గీసిన.

మీ ప్రార్థనలు నాకు రావు సిస్టర్.
మీ దేవుని ముంగట ఎప్పుడు మోకరిల్లాల్నో,
ఎప్పుడు లేవాల్నో గూడ తెల్వది.
నేను వచ్చిన దినం నా మాట గూడ
ఒకటి ఉంచుకోరి, మంచిదే చూసి.

ఇదంత చెప్దామనే పోయిన మంగళారం
ఆమె ముంగట నిలబడి
దండం పెట్టనీకి చేతులు ఎత్తిన.
ఆమె ఆ చేతులల్ల వేన్నీళ్ల బకెట్ పెట్టింది.
"తొమ్మిదో మంచం" అన్నది.